వచ్చే ఆమె కోసం

తలుపు కిర్రుమంది.

అదీ సరిగ్గా వాయించే నలుగురూ ఊపిరి బిగబట్టి ఊరుకోవాల్సిన చోట.

ముసలావిడ ఎవరో తలకు రుమాలు కట్టుకుని, చేతిలో బుట్టతో, కాలీడ్చుకుంటూ చెక్కనేల మీద సగం దూరం వచ్చేసింది.

"పోయింది," అన్నాడు ఎవ్జెన్, వయొలిన్ ఒళ్ళోకి దించి. "ఇదీ పోయింది."

అతని కోపంలో న్యాయం లేకపోలేదు. మొరావియాలో ఆ చిన్న ఊరి పాత ప్రార్థన మందిరం వాళ్ళకి ఆ ఒక్కరోజే ఇచ్చారు. సాయంత్రం నుంచి సహకార సంఘం వాళ్ళు అందులో బంగాళాదుంపలు పోస్తారు. లారీలు అప్పుడే గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాయి. ప్రాగ్ నుంచి తెచ్చిన టేపులో ఆఖరి చుట్ట సగమే మిగిలింది. రికార్డింగ్ పూర్తికాకుండా తిరిగెళితే ఇంకోసారి అనుమతి రాదు.

ఆ సంగీతం రాసిన విలెమ్ హొరాలెక్ జర్మన్ల కాలంలో ఈ ఊళ్ళోనే ఏదో నేలమాళిగలో దాక్కున్నాడు. ఎవరు దాచారో పైకి చెబితే ప్రాణాలు పోయే రోజులవి. ఆయన చెప్పలేదు. యుద్ధం ముగిసేలోపే ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. కాగితాలు మాత్రం బయటపడ్డాయి. తర్వాతి ప్రభుత్వానికి ఆ సంగీతం నచ్చక ఇరవై ఏళ్ళు ఎవరూ వాయించలేదు.

"లోపలికి రావద్దని గుమ్మం మీద ఎర్ర దీపం పెట్టాం, కనపళ్ళేదా, మామ్మగారూ?" అన్నాడు ఎవ్జెన్.

"కనపడింది నాయనా. రోడ్డు మీదకి వినపడుతుంటే ఆగలేకపోయాను."

"అరవకుండా ఊళ్ళో పెద్దబాతుల్ని కూడా పాకల్లో పెట్టించాం. అవి నయం, ఆగాయి."

పక్కగదిలో టేపు దగ్గరున్న ఇంజనీరు పెలీషెక్ కిసుక్కుమన్నాడు.

ముసలావిడ నొచ్చుకోలేదు. పెద్ద వయొలిన్‌లాంటి చెల్లోని మోకాళ్ళ మధ్య పట్టుకున్న ఝోఫియె వైపు చూసింది.

"ఇందాక నువ్వొక్కదానివే వాయించావే తల్లీ, అదేమిటి?"

ఝోఫియె నోరు తెరిచేలోపే ఎవ్జెన్ అందుకున్నాడు.

"చావండీ. చావు నడిచొస్తోంది. ఆ పుట మీద 'వచ్చే ఆమె కోసం' అని రాశాడాయన. చావు కాక ఇంకెవరొస్తారు?"

మా మొరావియా వైపు చావంటే ఆడదే. ఏటా చలి పోగానే గడ్డితో ఆమె బొమ్మ చేసి, పాడుకుంటూ తీసుకెళ్ళి ఏట్లో పారేస్తాం. అందుకే ఆ మాట చదివిన వాళ్ళెవరికీ అనుమానం రాలేదు.

"చావా," అంది ముసలావిడ. బుట్ట రెండో చేతికి మార్చుకుంది.

"ఓ మూల కూచుని చివరిదాకా వింటాను బాబూ. నేనెప్పుడూ పూర్తిగా వినలేదు."

"మీరేంటి, ఎవరూ వినలేదు. రేడియోలో వేస్తారు, అప్పుడు వినండి."

"ఉండనీ ఎవ్జెన్, నీదేం పోయింది?" అంది ఝోఫియె.

"ఆవిడ ఒక్కసారి దగ్గితే చాలు, ఉన్న టేపు కాస్తా పోతుంది. అప్పుడు ప్రాగ్‌లో నువ్వు జవాబు చెబుతావా?" ముసలావిడ వైపు తిరిగాడు. "ఆ కాలుతో మీరు కదిలితే ఊరంతా వినపడుతుంది. దయచేసి వెళ్ళండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నవాడికీ తెలిసింది, కానీ వెనక్కి తీసుకోలేదు.

ముసలావిడ బుట్టలోంచి గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టింది. గసగసాలు కూరిన బన్నులు, ఇంకా వేడిగా ఉన్నాయి.

"తినండి. ఈ పని చేసేవాళ్ళకి ఆకలెక్కువ. నాకు తెలుసు."

వంగి బూట్లు విప్పి చేతిలో పట్టుకుంది.

"ఇక చప్పుడు చెయ్యన్లే."

ఆ చల్లటి నేల మీద ఉన్ని మేజోళ్ళతో నడిచి వెళ్ళిపోయింది. తలుపు కూడా కిర్రుమనలేదు.

మళ్ళీ వాయించారు. ఈసారి ఏ అడ్డూ రాలేదు. ఝోఫియె వేళ్ళ కింద చావు ఎంత భయంకరంగా నడిచొచ్చిందంటే, పెలీషెక్ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. టేపు సరిగ్గా సరిపోయింది. నలుగురూ ఒకర్నొకరు కావలించుకున్నారు.

బయట లారీలు హారన్లు కొడుతున్నాయి.

"ఒక్క నిమిషం," అన్నాడు పెలీషెక్. చెడిపోయిన చోటు కత్తిరించడానికి టేపు వెనక్కి తిప్పి పెట్టాడు.

చెల్లో వినపడింది. గట్టిగా ఒక మీటు, వెనకే తీగ మీద మెత్తటి ఈడ్పు. మీటు, ఈడ్పు. ఆ తర్వాత నిశ్శబ్దం. తలుపు కిర్రుమంది. మళ్ళీ అదే, మీటు, ఈడ్పు. మీటు, ఈడ్పు.

"తలుపు తీశాక కూడా ఎందుకు వాయించావు?" అని విసుక్కున్నాడు ఎవ్జెన్.

ఝోఫియె నోట్లో బన్ను ముక్క అలాగే ఉండిపోయింది.

"అది నేను కాదు."

పెలీషెక్ మళ్ళీ వేశాడు. అదే నడక, అదే తూగు, వెంట్రుకవాసి తేడా లేదు.

ఎవ్జెన్ కోటు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తాడు.

"ఆ కుంటి మామ్మా?" అన్నాడు లారీ డ్రైవరు. "ఇప్పుడే బస్సెక్కి పోయింది. బూట్లు వేసుకోవేంటి మామ్మా అంటే నవ్వింది."

"ఏ ఊరు? పేరేంటి?"

"ఏమో సార్. యుద్ధం అప్పుడు ఇక్కడే ఉండేదట. నాకంతే తెలుసు."

ఎవ్జెన్ బస్సు పోయిన వైపు చూస్తూ నిలబడిపోయాడు. తెరిచిన తలుపులోంచి టేపు వినపడుతూనే ఉంది. ఆ నేలమాళిగ చీకట్లో హొరాలెక్ రోజూ చెవులు రిక్కించుకుని ఎదురుచూసింది చావు కోసం కాదు, తనకి రొట్టె తెచ్చే ఆ కుంటి అడుగుల కోసం.