వెంకటేశ్వరమ్మ అభిప్రాయం

"బిస్కెట్ బాగుండాదని చెప్పు. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడినావంటే చూడు!" తలుపు సందులోంచి వీధిలోకి చూస్తూ ఉరుకుందు పెళ్లానికి గట్టిగా చెప్పాడు.

వీధిలో ఒకాయన మోటారు సైకిలు ఆపి, చంకలో ఫైలు పెట్టుకొని, నేరుగా వాళ్ల ఇంటివైపే వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా. జేబులో రెండు పెన్నులు.

"కంపెనీ మనిషే" అన్నాడు ఉరుకుందు.

"బాగలేనిదాన్ని బాగుండాదని యెట్ల చెప్పేదయ్యా?" అంది వెంకటేశ్వరమ్మ.

"చెప్పకుంటే కోర్టు చుట్టూ తిరుగు. పత్తి చేను నేనొక్కడినే చూసుకుంటా."

పోయిన వారం ఎమ్మిగనూరు సంతలో టీవీ వాళ్లు ఆమె ముందు మైకు పెట్టి, "పన్నులు తగ్గించారు కదమ్మా, మీ అభిప్రాయం?" అని అడిగారు. "పన్ను తగ్గిందో లేదో నాకు తెల్దు నాయనా, బిస్కెట్ మాత్రం తగ్గింది. ముందు చాయ్‌లో ముంచితే బిస్కెట్ తడిసేది. ఇప్పుడు వేళ్లు కాల్తాండాయి!" అంటూ ఆమె తన వేళ్లను కెమెరా ముందు ఆడించింది. ఆ వేళ్లు జిల్లా అంతా ఫోన్లలో ఆడాయి. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. మొన్న పక్కింటి భీమక్క గోడమీంచి తల పెట్టి, "కంపెనీ వాళ్లు నీ మీద కేసేస్తారంట కదే" అనేదాకా వెంకటేశ్వరమ్మ కూడా నవ్వింది. అప్పటినుంచి మొగుడూ పెళ్లాం తలుపేసుకొని కూర్చున్నారు. ఎవరు పిలిచినా పలకలేదు.

ఇప్పుడు తలుపు తట్టిన చప్పుడైంది. తీయక తప్పలేదు.

"బిస్కెట్ వీడియో అమ్మ మీరేనా?" వచ్చినాయన నవ్వుతూ అడిగాడు. "నా పేరు యేసుప్రసాద్. మీ అభిప్రాయం రాసుకుపోదామని..."

"బిస్కెట్ శానా బాగుండాది సారూ!"

"అట్లనా?"

"పెద్దగా కూడా ఉండాది. పొద్దున ఒకటి తింటే మాపటికి రొట్టె అక్కర్లే."

"మరి వేళ్లు కాల్తాండాయంటిరి?"

వెంకటేశ్వరమ్మ వేళ్లు కొంగులో దాచుకుంది. "నా వేళ్లే పొడుగు సారూ."

"వాళ్లమ్మకూ అంతే" అన్నాడు ఉరుకుందు, మంచం వాలుస్తూ. "ఆ ఇంట్లో అందరివీ పొడుగు వేళ్లే."

యేసుప్రసాద్ పొట్ట పట్టుకొని నవ్వాడు. ఆ నవ్వుతో వాళ్లిద్దరికీ ధైర్యం వచ్చింది. వెంకటేశ్వరమ్మ కొంగు దోపుకొని అందుకుంది.

"సబ్బు కూడా బాగుండాది సారూ. నాలుగు దినాలకే కరిగిపోతాదని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. శివరాత్రికి కొన్న సబ్బు మేమింకా రుద్దుకుంటాండాం. చాయ్‌పొడి ఒక్క స్పూను వేస్తే వీధంతా తాగొచ్చు."

"దోమల బత్తి" అని అందించాడు ఉరుకుందు.

"ఆ, దోమల బత్తి! అంటిస్తే సాలు, దోమలు పక్కూరికి పోతాండాయి. టీవీలో వార్తలంటావా, ఒక్క అబద్ధం ఉండదు. చెవులు శుభ్రమైపోతాయి సారూ!"

అరవై ఏళ్లుగా మనసులో ఉన్నది ఉన్నట్టు మాట్లాడిన మనిషి ఆమె. అబద్ధం ఇంత హాయిగా ఉంటుందని ఇన్నాళ్లూ తెలియనే లేదు. మాట మాటకూ ఒళ్లు తేలిపోతున్నట్టుంది. ఇంకా ఏమేం పొగడాలా అని ఇల్లంతా చూస్తోంది.

"అవన్నీ ఉండనీమ్మా" కళ్లు తుడుచుకుంటూ అన్నాడు యేసుప్రసాద్. "నాకు కావాల్సింది పన్ను సంగతి. పన్ను పెంచితే మీరేమంటారు?"

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈయన లోతు చూస్తున్నాడని ఉరుకుందుకు అర్థమైంది. జాగ్రత్త అన్నట్టు కళ్లెగరేశాడు.

"పెంచండి సారూ" అంది వెంకటేశ్వరమ్మ.

పెన్ను ఆగిపోయింది. "ఏమన్నారు?"

"పెంచండంటాండా. పన్ను కట్టొచ్చిన దినం నాకు భలే నిద్ర పడతాది."

"బాగా ఆలోచించుకొని చెప్పండమ్మా."

"ఇందులో ఆలోచించేదేముంది? రెండింతలు చేయండి!"

"మూడింతలు చేసినా మేమేమనుకోం" అన్నాడు ఉరుకుందు.

"నా సర్వీసులో ఇట్లాంటి మాట వినలేదు" అంటూ యేసుప్రసాద్ అంతా రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు. వెంకటేశ్వరమ్మ మెచ్చుకోలు దొరికినట్టు మురిసిపోయి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. ఉరుకుందు లోపలికి పరిగెత్తి పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చాడు.

ఆయన తాగి లేస్తుంటే చేతులు జోడించాడు. "ఇంక కేసు లేనట్టే కదా సారూ?"

"ఏం కేసు?"

"అదే, బిస్కెట్ కంపెనీ కేసు."

"నాకూ బిస్కెట్ కంపెనీకీ ఏం సంబంధమప్పా? నేను మీ పంచాయతీకి కొత్తగా వచ్చిన సెక్రటరీని. ఇంటిపన్ను పెంచాల్నా వద్దా అని ఊరి అభిప్రాయం రాసుకుంటాండా. పొద్దున బడికాడ మీటింగుకు మీరిద్దరే రాలేదు."

ఉరుకుందు చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. వెంకటేశ్వరమ్మ తనకు తానే ధైర్యం చెప్పుకుంది.

"పోనీలే సారూ. మాది ఒక్కింటి మాటే కదా. ఊరోళ్లంతా వద్దనే చెప్పింటారు."

"లేదమ్మా" అంటూ యేసుప్రసాద్ ఫైలు విప్పి, కిందిదాకా సంతకాలూ వేలిముద్రలూ నిండిన కాగితం చూపించాడు. "ఆఫీసర్ల ముందర మాకు నోరు రాదు, వెంకటేశ్వరమ్మ ఏం చెప్తే అదే మా అందరి మాట అని రాసిచ్చినారు."