ఇంకేం పగలగొట్టాలి

నా కళ్ళలోకి చూస్తూనే నా కూతురు గాజు గ్లాసును నేలకేసి కొట్టింది.

వరద బాధితుల శిబిరం నుంచి అప్పుడే వచ్చాను. దుప్పట్లు అందనివాళ్ళంతా పొద్దున్నుంచీ నామీదే దుమ్మెత్తిపోశారు. వాటిని పంపని మా ఆఫీసరు మాత్రం, "వాళ్ళ ముందు నీ గొంతు లేచిందంటే ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు. ఒళ్ళు మండిపోతున్నా నవ్వుమొహం పెట్టి, ట్రైనింగులో నేర్పిన మాటే అందరికీ అప్పజెప్పాను.

గాజు పెంకులు ఏరుతూ ఇప్పుడూ అదే అన్నాను. "మీ బాధ మాకు అర్థమవుతోందండీ."

పిల్ల బిత్తరపోయింది.

"నేనమ్మా. నన్ను అండీ అంటావేంటి? మొన్న బడి ఎగ్గొట్టాను, తిట్టలేదు. నిన్న గోడంతా పిచ్చిగీతలు గీశాను, తిట్టలేదు. ఇంకేం పగలగొట్టాలి?"

అంతలో ఆఫీసరు ఫోను. "రేపట్నుంచి ఇంకో శిబిరం కూడా నువ్వే చూడాలి. నీకున్న ఓపిక ఇంకెవరికీ లేదు."

దుప్పట్ల దగ్గర మొదలుపెట్టి, తిట్టిన తిట్టు తిట్టకుండా కడిగిపారేశాను. ఇల్లు దద్దరిల్లింది.

ఫోను పెట్టేసేసరికి పిల్ల వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది.

"వచ్చేశావా అమ్మా" అంది.