తండాను లేపే గొంతు

“నా బిడ్డ గొంతెందుకు తీసేసిన్రు మేడం?”

చెప్పులు గుమ్మం కాడ విడిచీ విడవకముందే అడిగింది రామి. మరిపెడ దగ్గరి తండా నుంచి వచ్చిన మనిషి. మహబూబాబాద్‌లోని ఆ ప్రైవేటు శిక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన మేనేజరు సుమలత చాయ్ గ్లాసు పక్కన పెట్టింది.

“ఎవరవ్వా నీ బిడ్డ?”

“పూజ. పొద్దుగాల ఫోన్ల లేపుతది సూడు, గా పిల్ల.”

సుమలతకు అర్థమైంది. కుట్టుపని నేర్చుకునే ఆడవాళ్లను రోజూ పొద్దున “లే యాడీ, బస్సొచ్చింది” అని లంబాడీ మాటల్లో పిలిచే రికార్డు అది. యాడీ అంటే అమ్మ. పాత మేనేజరు చేయించి పోయాడు.

ఆ గొంతు మీద బస్సు డ్రైవరు హన్మంత్ చెప్పే కథలు ఇన్నీ అన్నీ కావు. తండాలో ఇంటింటి ఫోనూ ఒక్కసారే మోగేదట. అన్ని గుమ్మాల్లోంచీ ఒకే పిల్ల పిలిచేదట. ఆ పిలుపుకు తండాలోని కమ్లీ వాళ్ల బర్రె, దూడ లేకుండానే పాలు చేపేదట. మొగోళ్లు లేచి వాకిలి ఊడ్చేవారట. ఇది మాత్రం చెప్పే హన్మంతే నమ్మడు. కుక్కలేమో మొరగకుండా, అన్నీ తండా అవతలి మెట్ట చేలు, చెలకల దిక్కు మొహం పెట్టి నిలబడేవట. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం హన్మంత్ నవ్వడు.

“కుట్టుమిషన్ల బ్యాచ్ అయిపాయె అవ్వా. ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీల మిషన్లు నడుపుడు నేర్పుతున్నం. మాటలు మారినయి, గొంతు మార్చినం.”

“గది మనిషి గొంతేనా? రేకుడబ్బల రాళ్లు పోసి ఊపినట్టున్నది.”

సుమలతకు నవ్వాగలేదు. కంప్యూటర్లో పాత బ్యాచ్ పేర్లు వెతికింది. “నువ్వు సుత చేరినట్టున్నవు గదా, ఒక్కదినం రాలేదేంది?”

“ఫోనొస్తదని చేరిన.”

ఇదెక్కడి తల్లి అనుకుంటూ సుమలత పాత రికార్డు నొక్కింది. “లే యాడీ...” అన్నది పిల్ల గొంతు. రామి దిగ్గున లేచి నిలబడి, “వస్తున్న, వస్తున్న” అంది. పక్క గదిలో ఆడవాళ్ల ముచ్చట్లు టక్కున ఆగిపోయాయి.

“మంచిగుంది గొంతు. పూజను తోలియ్యవ్వా. కొత్త మాటలు ఆమెతోనే చెప్పిస్త.”

“రాదు. పాతయే పెట్టున్రి.”

“బస్సు టైం మారింది. పాతయి పెడితే జనం రాని బస్సు కోసం రోడ్డు మీద నిలబడతరు. పోనీ, ఈడనే పక్కా కొలువిస్త. ఆడోళ్లకు నేర్పే టీచరును చేస్త.”

“గంత పెద్ద కొలువా...” రామి కళ్లు ఒక్క క్షణం మెరిసి, అట్లే ఆరిపోయాయి. “వద్దు బిడ్డా. పొద్దున నన్ను లేపితే సాలు.”

“గింత మొండిదా నీ బిడ్డ! పెండ్లయిందా?”

“కాలే.”

“నేనే వచ్చి అడుగుత. ఏడుంటది?”

“చెలకల. మోదుగు చెట్టు కింద.”

“తోడెవరు?”

“ఒక్కతే.”

సుమలత బ్యాగు భుజానికి వేసుకోబోయి ఆగింది. “పెండ్లి కాని పిల్లను చెలకల ఒక్కదాన్ని ఎందుకుంచిన్రవ్వా?”

“పెండ్లి కాకుండ పోయినోళ్లను మేం పూడ్చిపెడతం బిడ్డా.”