పిట్ట ముట్టని విస్తరి

పిట్ట దిగడం లేదు.

కాకులు లేక కాదు. కాగ్నా నది ఒడ్డున తుమ్మచెట్టు మీద పొద్దుటి నుంచీ రెండు కాకులు కూర్చునే ఉన్నాయి. విస్తరి దగ్గరికి మాత్రం ఒక్కటీ రావడం లేదు.

భాగమ్మ పోయి ఆ రోజుకు మూడో దినం. మట్టి ఇంకా ఆరని సమాధి ముందు, కూతురు సంతోషమ్మ అమ్మకిష్టమైనవన్నీ వండి తెచ్చి పెట్టింది. జొన్నరొట్టె, పుంటికూర, కోడికూర, బెల్లపన్నం. పిట్ట ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కొరత మిగిలినట్టు.

"ఏం మనసుల వెట్టుకున్నదో మా తల్లి," అంది పక్కింటి బుగ్గమ్మ. "ఒక్కొక్కలు మొక్కుండ్రి. మాటియ్యుండ్రి."

కొడుకు ఎల్లప్ప ముందుకొచ్చాడు. "అమ్మా, నాయినను నేను సూసుకుంట. ఫికర్ జెయ్యకు. కల్లు గూడ బంద్ వెడత."

కాకి తల అటు తిప్పుకుంది. ఎల్లప్ప కల్లు మానడం మీద దానికీ నమ్మకం లేదు. ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్లే.

తండ్రి మొగులప్ప దూరంగా బండ మీద కూర్చున్నాడు. కళ్లు విస్తరి మీదే ఉన్నాయి.

ఎండ ఎక్కుతోంది. "ఇంక జర సేపు జూసి ఆవుకు వెడదాం," అన్నారెవరో. సంతోషమ్మ విస్తరికి అడ్డంగా జరిగింది. ఆవుకు పెడితే తంతు తీరుతుంది. అమ్మ కొరత తీరుతుందా?

ఆ కొరతేమిటో తనకు తెలుసని ఆమె భయం.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు భాగమ్మకు క్షయ పట్టుకుంది. సంతోషమ్మకు నాలుగేళ్లు. ఎల్లప్ప ఇంకా పాలు మరవలేదు. వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్ట మీది దవాఖానలో ఆమెను చేర్చారు. పిల్లలను అక్కడికి రానివ్వరు. రెండేళ్లు అమ్మ మొహం చూడలేదు వాళ్లు.

అప్పుడు ఉండేది యాలాల్‌లో. క్షయ ఉన్న ఇంటి గడప ఊళ్లో ఒక్కరూ తొక్కలేదు. దోమ అనే ఊళ్లో ఉన్న భాగమ్మ పుట్టింటి వాళ్లూ తొంగి చూడలేదు. మొగులప్ప విసిగి, పిల్లలిద్దరినీ తీసుకుని తాండూరు చేరి, బండల గనిలో పనికి కుదిరాడు. ఎవరికీ ఎవరూ తెలియని చోటు. ఒక రోజు పిల్లలను అక్కడి పక్కింటి బుగ్గమ్మకు అప్పజెప్పి వికారాబాదు వెళ్లాడు. సాయంత్రం రైలుకు ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు.

సగమైన మనిషి. కత్తిరించిన జుట్టు.

"అమ్మొచ్చింది, పోండ్రి," అన్నాడు మొగులప్ప.

ఎల్లప్ప పరుగెత్తి ఒళ్లో దూరాడు. సంతోషమ్మ మాత్రం గడప పట్టుకుని వాడంతా వినేలా అరిచింది.

"నువ్వు మా అమ్మవు గాదు! నువ్వు పో! మా అమ్మ గావాలె!"

రోగం మనిషిని ఆనవాలు లేకుండా చేసిందని వాడలో అందరూ అయ్యో అనుకున్నారు. పోను పోను అదే ఇంట్లో పెద్ద నవ్వులాటయింది. సంతోషమ్మ పెళ్లిలో కూడా బుగ్గమ్మ ఆ కథ చెప్పి పెళ్లికొడుకును నవ్వించింది. భాగమ్మా నవ్వేది. నవ్వుతూనే లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

ఎంత చేసింది ఆ తల్లి! గనిలో బండలు మోసి పిల్లలను సాకింది. సంతోషమ్మకు అమ్మవారు పోస్తే వేపరెబ్బ పట్టుకుని పక్కనే కూర్చుంది. మనవరాలు పుట్టాక దాన్ని నేల మీద కాలు పెట్టనిచ్చిందా? "అవ్వా" అని అది పిలిస్తే చాలు, చేతిలో పని చేతిలోనే వదిలేసేది.

పుట్టిల్లు దోమకు మాత్రం ఒక్కసారీ పోలేదు. "కష్టంల రానోల్లు ఇప్పుడెందుకు?" అని మొగులప్పే అడ్డుపడేవాడు. దవాఖాన నుంచి ఆమెకు కొన్ని అలవాట్లూ వచ్చాయి. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు కళ్లు మూసుకుని కాసేపు ఆగేది. పోయినవాళ్లకు పెట్టుకునే పెత్తర అమాస నాడు ఉపాసముండి ఒక విస్తరి పక్కన పెట్టేది.

"ఎవలికమ్మా అది?" అని అడిగేది సంతోషమ్మ.

"దవాఖానల నా పక్క మంచమామెకు బిడ్డా. పిల్లలు, పిల్లలు అనుకుంటనే పానమిడిసింది."

అంతటి మనసును తాను అంత మాటంది. చిన్నతనమే కావచ్చు. మాట మాటే కదా?

సంతోషమ్మ మట్టి మీద మోకరిల్లింది. దుఃఖం ఆగలేదు.

"అమ్మా, చిన్నప్పుడు నేనన్న మాట మనసుల వెట్టుకున్నవా? తెల్వక అన్ననే. నువ్వే మా అమ్మవు. నువ్వు గాకుంటె మాకెవలున్నరే? మల్ల పుడితె నీ కడుపులనే పుడత."

తుమ్మకొమ్మ ఊగింది. కాకి దిగింది. విస్తరి చుట్టూ ఒకసారి గెంతి, బెల్లపన్నంలో ముక్కు పెట్టింది.

"ముట్టింది! పిట్ట ముట్టింది!" బుగ్గమ్మ రెండు చేతులూ జోడించింది. ఎల్లప్ప పసివాడిలా ఏడ్చాడు.

వెనక అడుగుల చప్పుడయింది. బండ మీది నుంచి లేచొచ్చిన మొగులప్ప, కూతురు పక్కన కూలబడి, కాకి వైపు చేతులు జోడించి, సన్నగా అన్నాడు: "గుట్ట మీద మా భాగమ్మ పానం వోయేటప్పుడు పిల్లలకు అమ్మనైతనని నువ్విచ్చిన మాట నిలవెట్టుకున్నవ్, ఇగ నిమ్మళంగ పో మార్తా."