తప్పంతా మిషన్‌దే

మా ల్యాబులో నదినీళ్లలో పురుగుమందు ఉందని తేలినప్పుడల్లా ఆఫీసరుగారిది ఒకటే మాట: “మిషన్ చెడిపోయిందమ్మా.” ఆయన లెక్కలో మందు అమ్మినవాళ్లు, కొట్టినవాళ్లు అందరూ పుణ్యాత్ములే, మిషన్ ఒక్కటే దుర్మార్గురాలు.

ఈసారి దాని బండారం బయటపెట్టడానికి ఇంటినుంచి సీసాతో నీళ్లు తెచ్చారు.

“ఆ నదినుంచే మా కుళాయికొచ్చి, ఫిల్టరైన నీళ్లు. మా మనవరాలి పాలల్లో కలిపేవి. వీటిలోనూ విషముందంటుంది, చూడు.”

మిషన్ అలాగే అంది. అదే మందు.

“చెప్పానా!” అంటూ చప్పట్లు కొట్టారు.

“దీనికి ముందు ఏ మందూ లేని డిస్టిల్డ్ వాటర్ పెట్టాను సార్. సున్నా చూపించింది.”

ఆయన చప్పట్లు ఆగిపోయాయి. ఇంటికి ఫోన్ చేసి, “ఆ నీళ్లతో పాపకి పాలు కలపకండి,” అన్నారు.

తర్వాత నావైపు తిరిగారు.

“రిపోర్టులో మాత్రం మిషన్ చెడిపోయిందనే రాయమ్మా.”