చక్రాల బాబాయి నాలుక

"ఏ చక్రం వాడాలో చెప్పండి చాలు. రాయి ఎక్కడిదని మాత్రం అడగొద్దు" అంది కొట్టులోకి వచ్చిన ఆవిడ, చేతిగుడ్డ మడత విప్పకుండానే.

అడగొద్దన్నది ఎవరినండీ? చక్రాల బాబాయిని! రాళ్ళకు సానపట్టే వజ్రపు చక్రాలు అమ్మడం ఆయన వృత్తి. ఆరాలు తీయడం ఆయన ప్రాణం. రాయి పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా చక్రం చెప్పడమంటే, మనిషిని చూడకుండా చొక్కా కుట్టడమే అంటాడు.

"అడగనులే అమ్మాయ్. ముందు చూడనీ" అన్నాడు.

గుడ్డలో చిక్కుడుగింజంత రాయి ఉంది. గోధుమ రంగు, ఒళ్ళంతా బుడిపెలు. బాబాయి కళ్ళజోడు సవరించుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, అలవాటు కొద్దీ టక్కున నాలుకకు రాసుకున్నాడు.

"అయ్యయ్యో, బాబాయి గారూ!" అని ఆవిడ చెయ్యి చాపింది గానీ అప్పటికే పని అయిపోయింది.

"మళ్ళీ నోట్లోనా! ఏ రోజో ఏ గడ్డి కరుస్తారో!" అంది పక్కన చక్రాల మీద నంబర్ల చీటీలు అంటిస్తున్న బాబాయి భార్య.

"ఊరుకోవే. సానపట్టని రాయి తడిస్తేనే అసలు రంగు చూపిస్తుంది. నీళ్ళ కోసం నువ్వు లేచేసరికి తెల్లారుతుంది" అంటూ రాయిని దీపం కిందికి జరిపాడు. తడిసిన చోట సన్నటి తేనెరంగు చారలు తేలాయి. ముప్పై ఏళ్ళలో వేల రాళ్ళు ఆయన నాలుక మీదుగా వెళ్ళాయి. ఇలాంటిది ఒక్కటీ లేదు. "కాస్త ఉప్పగా తగులుతోందే. సముద్రపు రాయా?"

ఆవిడ మాట మార్చింది. "నాకు కత్తెరలకు సానపట్టే కొట్టుంది బాబాయి గారూ. ఎనభై నంబరు చక్రంతో మొదలుపెట్టనా?"

"ఎనభైతోనా! ఇంత గరుకు మీద పెడితే మూడు తిప్పుల్లో రాయి పిండైపోతుంది. పోనీ పగిలితే ఇంకోటి ఉందా?"

"అమ్మో! ఇంకోటి వద్దండీ!" అని ఉలిక్కిపడింది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించింది. "ఇదొక్కటే. ఇది పగిలితే మా కాపురం చక్కబడదు. రాయి ఉందీ, రాయి ఉందీ అని మా ఆయన పన్నెండేళ్ళు మొత్తుకున్నారు. నేను నమ్మలేదు. అబద్ధాలకోరని నలుగురిలో అన్నాను. తీరా చూస్తే ఉంది. పది రోజులుగా నాతో మాట లేదు. దీన్ని నా చేత్తోనే నునుపు చేసి, ఉంగరంలో పెట్టించుకుని, ఆయన ముందు నిలబడాలి."

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి బాబాయికి జాలేసింది. కానీ జాలి కంటే ఆత్రం ఎక్కువైంది. పెళ్ళానికి కూడా చూపించకుండా పన్నెండేళ్ళు రాయి దాచిన మొగుడా! ఎక్కడ దాచాడు? గోడలోనా? నేలలోనా?

"తవ్వి తీశారా? నా కోసం కాదమ్మా, చక్రం కోసం అడుగుతున్నా. తవ్విన రాయికి లోపల బీటలుంటాయి" అన్నాడు.

"చక్రం కోసమే పాపం!" అంది భార్య తల ఎత్తకుండా.

"చిన్న కన్నం పెట్టి తీశారు" అంది ఆవిడ.

కన్నం! బాబాయికి కడుపు ఉబ్బిపోయింది. అయినా చేతులు తమ పని చేస్తూనే ఉన్నాయి. రాయి అడుగున గోటితో గీశాడు, గీత పడలేదు. సూదితో గీశాడు, పడింది. మెత్తటి రాయి. ఇనుములా బిగువైన చక్రాలన్నీ పక్కకు నెట్టి, కాస్త ఒత్తితే లొంగే రెజిన్ చక్రం తీశాడు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది, ఇది పన్నెండు వందలు. మిషనుకు బిగించి, పైన నీళ్ళ గొట్టం తిప్పి, "రా, నువ్వే పట్టు. నొక్కకు, ఊరికే ఆనించు. నీళ్ళు మాత్రం తగ్గకూడదు. నీళ్ళు తగ్గితే రాయికి ముప్పు" అన్నాడు.

"నీళ్ళు తగ్గబట్టే కదండీ ఈ రాయి..." అనబోయి ఆవిడ నాలుక కరుచుకుంది.

చక్రం తిరిగింది. ఆవిడ ఊపిరి బిగబట్టి రాయిని ఆనించింది. చిటుక్కుమంది. ముగ్గురి పైప్రాణాలూ పైనే పోయాయి. చూస్తే ఊడింది ఒక్క బుడిపె మాత్రమే, రాయి నిక్షేపంలా ఉంది. తర్వాత మూడు వేల చక్రం పెట్టారు. ఆ తర్వాత పద్నాలుగు వేలది. ఆవిడ భయం పోయి చెయ్యి కుదిరింది. గంట గడిచేసరికి ఒక పక్క నున్నగా మెరిసింది. చారలు ఒకదానిలో ఒకటి ఒదిగి, ఉంగరాల్లా కనిపించాయి.

"పద్నాలుగు వేలతోనే ఆపు. ఈ మూడు చక్రాలూ తీసుకెళ్ళు, పని అయ్యాక తిరిగి ఇద్దువుగాని. కానీ ఒక్క మాట చెప్పి వెళ్ళు తల్లీ, లేకపోతే నాకు అన్నం సయించదు. ఇలాంటి రాయి పుట్టే గని ఎక్కడుంది?" అంటూ బాబాయి, మళ్ళీ చూస్తానో లేదోనని, ఆ రాయిని తనివితీరా ఇంకోసారి నాలుక మీద పెట్టుకున్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, దించిన తల ఎత్తకుండానే చెప్పింది: "నడుం పట్టుకుని మెలికలు తిరిగినప్పుడల్లా నటన అన్నాను బాబాయి గారూ, ఆపరేషన్ గదిలోంచి డాక్టరు వచ్చి, మా ఆయన కిడ్నీలోంచి తీసిన ఈ రాయిని నా చేతిలో పెట్టేదాకా!"