మగ్గం గుంతలో

దీపావళి సాయంత్రం ఎదురింటి ఈరన్న వీధిలో టపాకాయల సరం పరుస్తుంటే చౌడమ్మ వచ్చి నిలబడింది.

"అన్నా, ఈడ కాల్చొద్దు. మా కుక్క శానా బెదురుతాండాది. మగ్గం గుంతలో దూరి అన్నం కూడా ముట్టలేదు."

ఈరన్న ఆమె ముఖంలోకి చూసి సరం చుట్టేశాడు. "నోరులేని జీవం. తలుపేసి పక్కనే కూచోమ్మా. మేం ఏటికాడికి పోతాం."

చౌడమ్మ ఇంట్లోకి పోయి గడియ వేసి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోకి దిగింది. బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చినప్పటినుంచీ మాట్లాడని భర్త, అందులో చెవులు మూసుకుని ముడుచుకుని ఉన్నాడు.

"అందరూ పోతాండారులే" అని తల నిమిరింది.

బయట ఈరన్న ఇంటింటికీ చెబుతున్నాడు. "చౌడమ్మ కుక్క బెదురుతాండాది. ఏటికాడికి రాండి."

ఆ కుక్క పోయిన ఎండాకాలం చచ్చిపోతే, తన చేతులతో పూడ్చింది ఈరన్నే.